దొంగ పేరు చెప్పకండి

ఆ రోజు పొద్దున్న ఇంగ్లీషు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, బల్ల మీద సిద్ధంగా ఉన్న ఫైలునూ అలమరలో ఉన్న నవలనూ సంచీలో పెట్టుకోవాలి, పదకొండింటికి బడి కమిటీ ముందు కూర్చోవాలి. అంతే. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు ఇంగ్లీషులో ఏం చదవాలో, ఏ నెలలో చదవాలో, అసలు ఎందుకు చదవాలో వేసవి సెలవులన్నీ ధారపోసి ఆమె రాసిన పాఠ్యప్రణాళిక ఆ ఫైల్లో ఉంది. కమిటీ ఒకసారి సరేనంటే ఐదేళ్ళ దాకా దాన్ని కదిపేవారు లేరు. కాదంటే ఐదేళ్ళ దాకా ముక్కల మాస్టారిని కదిపేవారు లేరు.

ముక్కల మాస్టారంటే ఆ బడిలో ఇంగ్లీషుకి పెద్ద దిక్కు. ఆ పేరు పిల్లలు పెట్టారు, తోటి ఉపాధ్యాయులు ఖాయం చేశారు. ఆయన తయారుచేసిన వాచకంలో ఏ కథా మొదటి నుంచి మొదలవదు, చివరి దాకా సాగదు. ఇక్కడో అరపేజీ, అక్కడో పావుపేజీ, కింద పది ప్రశ్నలు. అందులో ఒక కుర్రాడు చెట్టెక్కుతాడు. ఎందుకెక్కాడో, ఎక్కినవాడు దిగాడో లేదో ఇరవై ఏళ్ళుగా ఎవరికీ తెలియదు. 'కుర్రాడు ఎక్కిన చెట్టు ఏది?' అన్న ప్రశ్నకి మాత్రం బడి బడంతా నిద్రలో లేపి అడిగినా జవాబు చెబుతుంది.

కిందటేడు ఒక పిల్ల లేచి నిలబడి, "ఆ అబ్బాయి ఏమయ్యాడు టీచర్?" అని అడిగింది. టీచరమ్మకి తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, "కూర్చో, పరీక్షలో అది రాదు," అంది. ఆ పిల్ల కూర్చుంది. ఆ పిల్ల కూర్చున్న తీరు చూశాక టీచరమ్మకి వారం రోజులు అన్నం సయించలేదు. అప్పుడు పుట్టింది ఈ ప్రణాళిక. అందులో ఎన్ని నెలలు, ఎన్ని పాఠాలు ఉన్నా ఆమె కోరిక ఒక్కటే: తొమ్మిదో తరగతి పిల్లలు ఏడాదికి ఒక్క నవలైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాలి. ప్రశ్నలు లేకుండా, ఊరికే, ఏమవుతుందో తెలుసుకోవడానికి చదవాలి.

కిందటి సమావేశంలో ఈ మాటంటే చైర్మన్‌గారు నవ్వారు. ఆయన భవనాలు కట్టే కాంట్రాక్టరు. ఏ విషయాన్నయినా పునాది దగ్గరే అనుమానించడం ఆయన వృత్తిధర్మం. "పూర్తి పుస్తకమా? ఈ రోజుల్లో ఎవరికమ్మా అంత ఓపిక? పెద్దవాళ్ళమే చదవం. సరే, ఆ పుస్తకమేదో తెచ్చి బల్ల మీద పెట్టండి. బల్ల మీద లేని పుస్తకానికి సంతకం పెట్టను."

ఆ పుస్తకం దొరకడమే ఒక యజ్ఞమయింది. కొండ మీది చిన్న ఊళ్ళో ఒక రాత్రి ఊరి గంట మాయమవుతుంది. ఊళ్ళో ఉన్నది ఒకే ఒక్క లాడ్జీ, అందులో ఏడుగురు మనుషులు. ఏడుగురి మీదా అనుమానమే. లాడ్జీ యజమానురాలి కూతురు దొంగను వెతుకుతుంది. మాటలు తేలిక, కథ గట్టిది. బడివాళ్ళు కావాలంటే మళ్ళీ అచ్చేస్తామన్నారు ప్రచురణకర్తలు. ప్రస్తుతానికి లోకంలో టీచరమ్మకి దొరికింది ఒకే ఒక్క ప్రతి, పాత పుస్తకాల కొట్లో అట్టడుగున.

అలమర తెరిచింది. ఆ ఒక్క ప్రతీ లేదు.

భర్త అప్పటికే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఏ గొడవయినా మొదలయ్యే అరగంట ముందు వెళ్ళిపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని ఆమె వరండాలోకి వెళ్ళింది. అక్కడ మామగారు పేపరు చదువుతున్నట్టు నటిస్తున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

"మావయ్యగారూ, అలమరలో నా పుస్తకం చూశారా?"

"అమ్మాయ్, నువ్వు ముందు కంగారు పడకూడదు," అన్నారాయన.

ఎవరైనా ఆ మాటతో మొదలుపెడితే కంగారు పడవలసిన విషయమేనని లోకంలో అందరికీ తెలుసు. టీచరమ్మ గోడకి చేరబడింది.

మామగారు జీవితమంతా పుస్తకాలకి బైండింగు చేశారు. దబ్బనం, దారం, జిగురు గిన్నె తప్ప వేరే లోకం ఎరగరు. చేతిలోంచి వేల పుస్తకాలు వెళ్ళాయి గాని ఒక్కటీ చదవలేదు. బైండరు చదవడం మొదలుపెడితే దుకాణం మూతపడుతుందని పని నేర్పినాయన చెప్పాడట. ఆ మాట వేదవాక్కులా పాటించారు. దుకాణం కొడుక్కి వద్దంటే అమ్మేసి ఇప్పుడు ఇంట్లో ఉంటున్నారు.

"ఆ పుస్తకం వీపు ఊడిపోయి ఉందమ్మా. నలుగురిలో పెట్టే వస్తువు, అలా ఉంటే నీకు చిన్నతనం కాదూ? నీకు తెలియకుండా కొత్త బైండింగు చేసి ఇద్దామనుకున్నా."

"కుట్టారా?"

"విప్పాను."

"కుట్టారా అని అడుగుతున్నాను మావయ్యా!"

"విప్పాననే చెబుతున్నాగా."

విప్పితే ఆరు కట్టలు వచ్చాయి. కట్టలన్నీ బరువు కింద పెట్టబోతూ, మొదటి పేజీ సరిగ్గా ఉందో లేదో అని ఒకసారి చూశారు. అందులో గంట పోయింది. ఎవరు తీశారో చూద్దామని రెండో పేజీ తిప్పారు. అంతే. ముసలితనంలో దొరికిన రుచి మహా చెడ్డది. పక్కన డిక్షనరీ పెట్టుకుని, మాటమాటకీ వేలు పెట్టి వెతుక్కుంటూ, కోడలు బడికి వెళ్ళగానే వరండాలో కూర్చుని వారం రోజులు చదివారు. మొదటి కట్ట అయ్యేసరికి ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. మంగలి షాపుకి వెళ్ళి చెప్పారు. మంగలి, "నేను చదువుకుంటా ఇవ్వండి," అన్నాడు. ఇచ్చారు. రెండో కట్ట అయింది, అదీ ఇచ్చారు. అలా ఒక్కొక్కటీ.

"ఆరోది మాత్రం టైలరమ్మకిచ్చానమ్మా, ఆవిడ మరీ బతిమాలితే," అన్నారు మామగారు ఉదారంగా.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఈయన నాకు రోజూ రాత్రి కొంచెం కొంచెం చెబుతున్నారే. ఐదో కట్ట దగ్గర ఆపేసి నా ప్రాణం తీస్తున్నారు. వంటమనిషి మీద అనుమానం అంటున్నారు గాని నేను ఒప్పుకోను. మూడు పూటలా వండేదానికి దొంగతనం చేసే తీరిక ఎక్కడిది?"

టీచరమ్మ ఫైలు సంచీలో పెట్టుకుంది. స్కూటరు తాళాలు తీసి మామగారి చేతికిచ్చింది.

మంగలి షాపులో ఒకాయన సగం మొహానికి నురగతో, సగం మొహం నున్నగా కుర్చీలో కూర్చుని మూడో కట్ట చదువుతున్నాడు. మంగలి కత్తి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"పేజీ తిప్పేదాకా కత్తి పెట్టొద్దన్నారండి," అని మంగలి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. "నా తప్పేం లేదు."

"మూడో కట్ట నాకు కావాలండీ," అంది టీచరమ్మ.

"క్యూలో రండమ్మా," అన్నాడు నురగమనిషి తల ఎత్తకుండా.

ఇరవై ఏళ్ళుగా పిల్లల చేతుల్లోంచి బొమ్మల పుస్తకాలు లాక్కున్న అనుభవం ఆమెకి అప్పుడు పనికొచ్చింది. ఒక్క చూపు చూసింది. ఆయన కట్ట ఇచ్చేశాడు. ఇచ్చాక, "డాక్టరే కదా దొంగ? అది ఒక్కటి చెప్పి వెళ్ళండి," అని వెనక నుంచి దీనంగా అడిగాడు.

మొదటి నాలుగు కట్టలూ దొరికాయి, డిక్షనరీతో సహా. ఐదోది లేదు.

"అది పెద్దాయన ఒకరు తీసుకెళ్ళారండి," అన్నాడు మంగలి గొంతు తగ్గించి. "పేరు చెప్పకూడదు. నెలకోసారి వెనక గదిలో జుట్టుకి రంగు వేయించుకుంటారు. రంగు ఆరేదాకా కూర్చోవాలి కదా, కాలక్షేపానికని మొదటి కట్ట నేనే ఇచ్చా. రంగు ఆరిపోయింది, తల కడిగేశాను, మనిషి లేవడే! మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. వేసుకోడానికి జుట్టులో తెల్లదనం లేదు, ఊరికే వెనక గదిలో కూర్చుని చదివి వెళ్ళేవారు."

"ఎక్కడుంటారో చెప్పవయ్యా, ప్రాణం మీదకొచ్చింది," అన్నారు మామగారు.

"తలలు నమ్మి నా చేతికిస్తారండి. రహస్యం బయటపెడితే రేపు నా చేతికి ఎవరు తల ఇస్తారు?"

స్కూటరు టైలరమ్మ ఇంటివైపు తిరిగింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అక్కడ సిద్ధంగా ఉంది.

"అయ్యో మేడమ్, నిన్న ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి ఒకాయన వచ్చారు. బల్ల మీద ఆ కాగితాలు చూసి, 'ఇది పనికొస్తుంది' అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను లోపల కొలతబద్ద వెతుకుతున్నా, వచ్చేసరికి లేరు. నేనింకా అది చదవనేలేదు!" అని టైలరమ్మ నిజంగానే కళ్ళు తుడుచుకుంది. పాపం, ఆమె బాధ ఆమెది. చివరికి ఒక నీలం రిబ్బను ముక్క చింపి నాలుగు కట్టలకీ చుట్టి, "అందంగానైనా ఉంటుంది," అంది.

మామగారు బడి కనబడుతుండగా స్కూటరు నెమ్మది చేశారు.

"నువ్వు వేసవంతా పడ్డ కష్టాన్ని నా చేత్తో నేనే విప్పేశానమ్మా."

టీచరమ్మకి కోపం గొంతు దాకా ఉంది. ఆ కోపంలోనే అడిగింది: "మీరు పూర్తిగా చదివారా?"

"ప్రతి కట్టా రెండుసార్లు."

ఆమెకి ఆ తరవాత తిట్టడం చేత కాలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం చదివాడు, అదీ రెండుసార్లు; ఆయన్నేమని తిడుతుంది? అలాగని నవ్వూ రాలేదు. బల్ల మీద పెట్టాల్సింది పుస్తకం, తన చేతిలో ఉన్నది ముప్పాతిక కన్నా తక్కువ. ముక్కల మాస్టారు ఇంకో ఐదేళ్ళు.

సమావేశపు గదిలో పొడుగాటి బల్ల, నీళ్ళ గ్లాసులు, కిర్రుమనే ఫ్యాను. ఒక కొసన చైర్మన్‌గారు కూర్చున్నారు; ఆయన జుట్టు అప్పుడే కొన్న బూటులా నల్లగా మెరుస్తోంది. పక్కన హెడ్‌మిస్ట్రెస్‌గారు. ఎదురుగా, చైర్మన్‌గారు తల ఊపితే తామూ ఊపడానికి ఇద్దరు సభ్యులు. కిటికీ దగ్గర, జేబులో ఎర్ర పెన్నుతో, నడుము దగ్గర కొంచెం హాయిగా కనిపిస్తూ ముక్కల మాస్టారు.

టీచరమ్మ ప్రణాళిక చదివింది. ఏ తరగతిలో వినడం ముందు, ఏ తరగతిలో రాయడం ముందు, పద్యాలెక్కడ, నాటకం ఎప్పుడు, అంతా చక్కగానే చెప్పింది. నవల దగ్గరికి వచ్చేసరికి నీలం రిబ్బను కట్టిన నాలుగు కట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేమిటమ్మా?" అన్నారు చైర్మన్‌గారు. ఆయన మొహం ఎందుకో ఒక్కసారిగా ఎర్రబడింది.

"నవలండి. కొంత... బైండింగులో ఉంది."

ముక్కల మాస్టారికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది? "చూశారా! ముక్కలు వద్దన్న మనిషే ముక్కలు తెచ్చింది!" అని పకపకా నవ్వారు. ఇద్దరు సభ్యులూ చైర్మన్‌గారి వైపు చూశారు. ఆయన నవ్వకపోయేసరికి తాము నవ్వాలో వద్దో తెలియక నీళ్ళు తాగారు.

"నేను చెప్పేదీ అదేనండి," అంటూ మాస్టారు లేచి నిలబడ్డారు. "పుస్తకమంతా ఎందుకు? మంచి ముక్క ఒకటి చాలు. నిన్ననే ఒకటి దొరికింది, ఒక్క పూటలో పది ప్రశ్నలు తయారు చేశాను. వినండి." జేబులోంచి మడత కాగితాలు తీశారు. ఆ కాగితాల రంగు టీచరమ్మకి తెలుసు, ఆ అక్షరాలు తెలుసు, పైన తన పెన్సిలుతో వేసుకున్న గీత కూడా తెలుసు. ఆరో కట్ట.

"ఒకటో ప్రశ్న," అన్నారు మాస్టారు గొంతు సవరించుకుని. "ఊరి గంటను దొంగిలించినది ఎవరు? జవాబు..."

"ఆపండి!"

బల్ల అదిరింది. నీళ్ళ గ్లాసు ఒరిగింది. చైర్మన్‌గారు లేచి నిలబడి ఉన్నారు.

"దొంగ పేరు చెప్పారంటే బాగుండదు మాస్టారూ! మర్యాదగా ఉండదు!"

చైర్మన్‌గారు చుట్టూ చూశారు. ఇక దాచి లాభం లేదని ఆయనకే అర్థమయింది. బ్రీఫ్‌కేసు తెరిచి, అడుగున అకౌంటు పుస్తకాల కింద నుంచి ఐదో కట్ట తీసి బల్ల మీద పెట్టారు.

"నేనింకా ఇక్కడే ఉన్నాను," అన్నారు చిన్నపిల్లాడిలా. "వంటమనిషి నేలమాళిగలోకి దిగుతోంది."

"మీకెక్కడిదండీ ఇది?" అని హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆశ్చర్యపోయారు.

"ఒక... స్నేహితుడి దగ్గర తీసుకున్నాను." చెయ్యి దానంతటదే జుట్టు మీదికి వెళ్ళింది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఆ క్షణాన టీచరమ్మకి చైర్మన్‌గారి జుట్టు నిజంగానే అందింది. ఆమె పట్టుకోలేదు. ఆమెకి కావలసింది అది కాదు. ముక్కల మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, జవాబులు వద్దు. మీ పదో ప్రశ్న ఒక్కటి చదవండి."

మాస్టారు కాగితం వెనక్కి తిప్పారు. "పదో ప్రశ్న: గంట మళ్ళీ మోగగానే ఊరివాళ్ళందరూ ఎందుకు ఏడ్చారు?"

"జవాబు?"

మాస్టారు కాగితం మళ్ళీ తిప్పారు. ఇంకోసారి తిప్పారు. అబద్ధం ఆడితే ఆడగలిగేవారే గాని, ప్రశ్నపత్రం విషయంలో ఆయన నిజాయితీ గొప్పది.

"అది... ఇందులో లేదు."

"ఎక్కడుంది?"

"ముందెక్కడో ఉండాలి," అన్నారు మాస్టారు, నెమ్మదిగా.

"నేను వేసవంతా కూర్చుని రాసింది అదేనండి," అంది టీచరమ్మ.

అప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌గారు నెమ్మదిగా చప్పట్లు కొట్టారు. చైర్మన్‌గారు చెయ్యి చాపి ఫైలు లాక్కుని, చదవకుండానే చివరి పేజీలో సంతకం పెట్టారు.

"తొమ్మిదికి ఒక్కటేనా? ఎనిమిదికీ ఒకటి పెట్టండి. పదికి పెద్దది పెట్టండి. ఓపిక లేదని ఎవడన్నాడు?" అన్నారు. ఎవడన్నాడో గదిలో అందరికీ గుర్తుంది గాని, ఎవరూ గుర్తు చేయలేదు. "సమావేశం కాసేపు వాయిదా. మాస్టారూ, ఆ ఆరో కట్ట ఇటివ్వండి."

వాయిదా అన్నారు గాని ఎవరూ గదిలోంచి కదలలేదు. చైర్మన్‌గారు కిటికీ దగ్గర నిలబడి చదువుతున్నారు. సభ్యులిద్దరూ రిబ్బను విప్పి మొదటి కట్ట కోసం కాసేపు గుంజుకుని, చివరికి ఒకరు ముందు పేజీ, ఇంకొకరు వెనక పేజీ అనే ఒప్పందానికి వచ్చి, అది కుదరక కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గారు వాళ్ళ భుజాల మీదుగా చదువుతూ, "తిప్పండి, తిప్పండి," అని తొందరపెడుతున్నారు. అప్పుడే మామగారు దబ్బనం, దారం పట్టుకుని భయంభయంగా తలుపు తోసి, "ఇచ్చేస్తే ఇక్కడే కూర్చుని కుట్టేస్తానండి," అన్నారు. నాలుగు గొంతులు ఒకేసారి, "ముందు చదవనివ్వండి!" అని కసిరాయి. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయారు. కోడలి మొహం చూశారు. ఆ మొహం చూశాక దబ్బనం జేబులో పెట్టుకుని వెడల్పుగా నవ్వారు.

టీచరమ్మ కూర్చుంది. గెలిచాను అనుకుంది. పైకి అనలేదు గాని, లోపల మాత్రం అరిచినంత గట్టిగా అనుకుంది. తనకింత ఆనందం వేస్తుందని తనకే తెలియదు.

కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడయింది. ముక్కల మాస్టారు పక్కన వచ్చి కూర్చుని, ఎర్ర పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, ఎటో చూస్తూ అడిగారు:

"అమ్మా, వాళ్ళదయ్యాక మొదటి కట్ట నాకిస్తావా?"

"మీకు దొంగ ఎవరో తెలిసిపోయిందిగా మాస్టారూ?"

"తెలిసింది," అన్నారాయన. "ఆ మనిషి ఎలాంటి మనిషో తెలియదు."

సభ్యులు మొదటి కట్ట ముగించి రెండోది అందుకోగానే, టీచరమ్మ ఆ మొదటిది తన చేత్తోనే ఆయన ముందు పెట్టింది. ఆయన పెన్ను జేబులో పెట్టుకుని, మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టారు. ఇంతకీ దొంగ ఎవరని మీరడుగుతారని తెలుసు; చైర్మన్‌గారికే చెప్పని సంగతి మీకు చెప్పడం న్యాయం కాదు.

ఆ రోజు చర్చకు రావలసిన రెండో అంశం లెక్కల ప్రణాళిక. సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్న లెక్కల మాస్టారు, లోపల జరిగినదంతా తలుపు సందులోంచి విని, త్రికోణమితిలో ఒక దొంగను ఎక్కడ ఇరికించాలా అని ఆలోచిస్తూ తన ఫైలుతో ఇంటికి వెళ్ళిపోయారు.